లిఫ్టు చెప్పని మాట

ఆఫీసులో ఆమెను అందరూ అటకమ్మ అనేవారు. ఏదీ పారేయనివ్వదని ఆ పేరు. లిఫ్టులు బిగించి, వాటి బాగోగులు చూసే కంపెనీ అది. ఎన్నో భవనాల్లో తిరిగే లిఫ్టుల నుంచి క్షణక్షణానికీ కబుర్లు వచ్చి పడుతుంటాయి. తలుపు తెరుచుకుంది, మూడో అంతస్తులో ఆగింది, లోపల ఇంత బరువుంది, మోటారు వేడెక్కింది. ఆ డేటా అంతా భద్రంగా దాచడం అటకమ్మ ఉద్యోగం. పాత లెక్కలు చూస్తేనే ఏ మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో ముందుగా తెలుస్తుందని ఆమె నమ్మకం. అందుకని ఏళ్ల తరబడి దేన్నీ చెరపనివ్వలేదు.

ఆ డేటా కంపెనీ సొంత మిషన్లలో ఉండదు, క్లౌడ్‌లో ఉంటుంది. అంటే ఎక్కడో ఉన్న ఎవరివో మిషన్లను అద్దెకు వాడుకోవడం. దాచినందుకు అద్దె కట్టాలి. దాచినదాన్ని తీసి చదివితే, ఎంత చదివితే అంతకు మళ్లీ కట్టాలి. ఆ బిల్లు నెలనెలా కత్తెర బల్ల మీదికి వస్తుంది.

కత్తెర అంటే అకౌంట్స్ ఆఫీసరు. కాగితం కప్పుల దగ్గర్నుంచి ఏసీల దాకా ఆవిడ కత్తిరించని ఖర్చు లేదు. ఆఫీసుకు కత్తెరే గానీ అటకమ్మకు స్వయానా అన్న భార్య. ఇల్లు కూడా ఒకటే. కింది వాటాలో అన్నా వదినలు, తండ్రి. పై వాటాలో అటకమ్మ, ఆమె భర్త. వదినా ఆడపడుచులు పొద్దున్నే ఒకే స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లి, పగలంతా ఖర్చుల మీద పోట్లాడుకుని, సాయంత్రం అదే స్కూటరు మీద కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చేవారు.

ఒక రోజు కత్తెర బిల్లు పట్టుకుని నేరుగా అటకమ్మ సీటు దగ్గరికే వచ్చింది.

"మన లిఫ్టులన్నీ పైకీ కిందికీ తిరుగుతాయి. ఈ బిల్లొక్కటే పైకి పోవడం తప్ప దిగడం ఎరగదు. ఏం చేద్దాం చెప్పు."

"చెరిపేద్దాం అని మాత్రం అనకు వదినా."

"అనను. అంటే ఇంట్లో నాకు రాత్రికి అన్నం పెట్టేదెవరు, ఇవాళ వంట నీదేగా. నువ్వే ఏదో ఒకటి చూడు."

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. చూడగా చూడగా చాలా దుబారా బయటపడింది. ఎప్పుడో పరీక్ష కోసం ఒకే డేటాకు మూడు నకళ్లు తీసి, తీసినవాళ్లు ఉద్యోగాలు మారి వెళ్లిపోయారు. నకళ్లు మాత్రం అద్దె తింటూ అలాగే ఉన్నాయి. ఎవరూ వాడని మిషన్లు పగలూ రాత్రీ తిరుగుతున్నాయి. వాటన్నిటినీ ఆపేశారు. ఇక మిగిలింది అసలు కుప్ప, ఏళ్లనాటి రీడింగులు. వాటిని చవకైన నిల్వలోకి మార్చవచ్చు. అక్కడైతే అద్దె తక్కువ, కాకపోతే కావాలన్నప్పుడు బయటికి తీయడం ఆలస్యం.

"ఆలస్యమైతే ఏం పోయింది? పాడైపోయిన మోటారుకు తొందరేముంది," అంది కత్తెర.

"ముందు వాటిని ఎవరైనా వాడుతున్నారేమో చూడాలి," అంటూ అటకమ్మ వాడకం వివరాలు తెరిచింది. తెరిచి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

ఎవరో వాడుతున్నారు. ప్రతి ఉదయం, ఆఫీసు తెరవకముందే, ఎవరో ఆ కుప్ప మొత్తాన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివిస్తున్నారు. అన్ని లిఫ్టులూ, అన్నేళ్లూ. బిల్లు ఎగబాకడానికి సగం కారణం అదే. లాగిన్ పేరు చూస్తే 'శిక్షణ' అని ఉంది. కొత్త మెకానిక్కులకు పాఠాలు చెప్పేవాళ్ల కోసం ఎప్పుడో ఇచ్చిన లాగిన్ అది. శిక్షణ విభాగాన్ని అడిగితే, దాన్ని తాము వాడటం మానేసి చాలా కాలమైందన్నారు.

"మరి ఎవరు?" అంది కత్తెర. "దొరికితే మాత్రం జీతంలో కోయిస్తాను."

"కోతలు తర్వాత. ఆ లాగిన్ ఆపేసి చూద్దాం. నిజంగా అవసరమున్నవాళ్లయితే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు."

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు అటకమ్మ ఆ లాగిన్‌ను ఆపేసింది.

మర్నాడు పొద్దున ఆమె కిందికి దిగి వచ్చేసరికి తండ్రి భోజనాల బల్ల దగ్గర ట్యాబ్లెట్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఒకప్పుడు ఆయన ఆ కంపెనీలోనే హెడ్ మెకానిక్. రిటైరయ్యాక కూడా కొన్నాళ్లు కుర్రాళ్లకు పాఠాలు చెప్పి, చూపు మందగించడంతో మానేశాడు. టీ కప్పు ముందు పెట్టినా ముట్టలేదు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, మీ ఆఫీసులో కరెంటేమన్నా పోయిందా?" అన్నాడు.

"లేదే. ఏం నాన్నా?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

రొట్టె కాలుస్తున్న కత్తెర చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. వదినా ఆడపడుచులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ తనంతట తానే వచ్చి అడిగాడు.

"మామయ్యా, ఆ శిక్షణ లాగిన్ మీ దగ్గరుందా?" అని మెల్లగా అడిగింది కత్తెర.

ఆయన నీళ్లు నమిలాడు. పాఠాలు మానేసినా లాగిన్ ఎవరూ వెనక్కి అడగలేదన్నాడు. తనకు పెద్దగా పనేం లేదు, రోజూ ఒక్క లిఫ్టును చూసుకుంటాడు, అంతే.

"ఏ లిఫ్టు నాన్నా?"

"మీ అత్త వాళ్లది."

అత్త అంటే తండ్రికి తోడబుట్టిన అక్క. భర్త పోయాక ఒంటరిగా ఒక పాత భవనంలో ఏడో అంతస్తులో ఉంటుంది. అక్కాతమ్ముళ్ల మధ్య రెండేళ్లుగా మాటల్లేవు. ఆ భవనంలో లిఫ్టు బిగించింది తమ్ముడే. ఒకసారి అది అంతస్తుల మధ్య ఇరుక్కుని ఆవిడ అందులో చిక్కుకుపోయింది. తీరా బయటికి తీశాక, "నా తమ్ముడు పెట్టిన లిఫ్టు, నా ప్రాణాల మీదికి తెచ్చింది," అని ఇరుగుపొరుగు అందరి ముందూ అంది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తలుపు సందులో చేసంచి ఇరికిస్తే ఏ లిఫ్టయినా ఆగుతుంది," అని అంతమంది ముందే అనేశాడు. అక్కడితో అయిపోవలసిన మాట, ఎవరూ ముందు ఫోను చేయకపోవడంతో బిగుసుకుపోయింది.

"పొద్దున్నే ఆవిడకు నడక అలవాటు," అన్నాడు ఆయన కిందికి చూస్తూ. "లిఫ్టు ఏడో అంతస్తు నుంచి దిగుతుంది. కాసేపాగి మళ్లీ ఏడుకు ఎక్కుతుంది. అది చూస్తే, హమ్మయ్య, అక్క లేచింది, తిరుగుతోంది అనుకుంటాను. బరువు కూడా చూస్తాను. తగ్గలేదు, పెరగలేదు. బాగానే తింటోంది."

"దానికి అన్ని లిఫ్టులూ, అన్నేళ్లవీ ఎందుకు తెప్పించుకున్నావు?"

"పాఠం చెప్పేటప్పుడు అలా తయారు చేసిపెట్టుకున్నా. మీట నొక్కితే అన్నీ వస్తాయి, చివరికి వెళ్లి నాకు కావలసింది చూసుకుంటా. తప్పా?"

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ తవ్వకానికి రోజూ ఎంతవుతోందో కత్తెరకు తెలుసు. జీతం కోయిస్తానన్న మనిషి రొట్టె తీసి ఆయన పళ్లెంలో వేసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, మీరు రోజూ కారు మాట్లాడుకుని వెళ్లి ఆవిణ్ని చూసొచ్చినా కంపెనీకి ఇంతకంటే చవకే."

ఆయనకు అప్పుడు అర్థమైంది. ముఖం చిన్నబోయింది. "నావల్ల మీకు మాట వస్తుందా అమ్మా?" అన్నాడు.

మాట రాకుండా దాచడం అటకమ్మకు ఇష్టం లేదు. ఆఫీసుకు వెళ్లగానే ఇద్దరూ కలిసే పెద్దాయన గదికి వెళ్లారు. పెద్దాయన అంటే కంపెనీ యజమాని. జరిగింది జరిగినట్టు చెప్పింది అటకమ్మ. ఆయన మొత్తం విని, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"రిటైరైన మనిషి దగ్గర లాగిన్ ఉండిపోయిందంటే తప్పు మనది," అన్నాడు చివరికి. "ఖర్చు సంగతి పక్కన పెట్టండి. ఎవరు ఎప్పుడు ఇంట్లోంచి బయటికెళ్తున్నారో చూడటానికి కాదు మనం ఇదంతా దాచేది. అది ఆయనకు మీరే చెప్పండి. నాకు పని నేర్పింది ఆయన, నేను చెప్పలేను."

ఆ వారంలో అటకమ్మ వాడుకలో లేని లాగిన్లన్నీ మూసేసింది. ఏ లిఫ్టు, ఏ తేదీ అన్నది చెప్పకుండా ఎవరు ఏమడిగినా డేటాబేస్ పలకకుండా కట్టడి పెట్టింది. పాత రీడింగులు చవక నిల్వకు వెళ్లిపోయాయి. ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

తండ్రికి చెప్పడమే కష్టమైంది. చెప్పిందంతా విని ఆయన తలూపాడు. "సరేలే. ఆవిడ బాగానే ఉందని తెలుసుగా. మొన్నటికి మొన్న కూడా దిగింది."

"దిగింది లిఫ్టు నాన్నా. అత్త దిగిందని లిఫ్టు చెప్పలేదు."

అనాలని అన్న మాట కాదు. రోజంతా ఆ డేటాతోనే బతికే మనిషి గనక నోట్లోంచి వచ్చేసింది. ఆయన మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాడు. తిండి సరిగా తినలేదు. "నువ్వు ఫోను చేస్తుంటావుగా, ఏమంటుంది?" అని రెండుసార్లు అడిగాడు. బాగానే ఉన్నానంటుందని అటకమ్మ చెప్పింది. ఈ మధ్య పనిలో పడి తను కూడా వెళ్లి చూడలేదన్నది అప్పుడే గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున ఆయనే చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పద," అన్నాడు. ఎక్కడికని అటకమ్మ అడగలేదు.

ఆ భవనం కింద వాళ్లు లిఫ్టు కోసం నిలబడి ఉంటే, బయటినుంచి ఒకావిడ లావుపాటి కుక్కను పట్టుకుని వచ్చి వాళ్లతో పాటే ఎక్కింది. అటకమ్మ ఏడు నొక్కబోతే ఆవిడే ముందు నొక్కింది.

"మీరు ఏడో అంతస్తులోనా?" అన్నాడు ఆయన.

"అవునండీ, స్కూల్లో టీచర్ని. ఏడాది దాటింది మేం వచ్చి. వీణ్ని రోజూ పొద్దున్నే తిప్పకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు."

ఆయన ఆవిణ్ని చూశాడు, కుక్కను చూశాడు, తలుపు పక్కనున్న గోడకు చెయ్యి ఆనించాడు.

అత్త తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. లోపల కర్ర చప్పుడు వినిపించింది. తీసిన తలుపు వెనక ఆవిడ ఊతకర్ర మీద ఒరిగి నిలబడి ఉంది. బాగా సన్నబడిపోయింది.

"ఎందుకొచ్చావ్?" అంది తమ్ముణ్ని చూసి. "లిఫ్టు బాగానే తిరుగుతోందే."

"కాలికేమైంది?"

"మోకాలు. వర్షాల ముందు నుంచీ ఉంది."

"నడకకు వెళ్లడం లేదా?"

"గది దాటితే గొప్ప. నడకట."

ఆయన అక్కడే, చెప్పుల అలమర పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. తాను రోజూ పొద్దున చూసుకుని ధైర్యం తెచ్చుకున్నది పొరుగింటి టీచర్ను, ఆవిడ కుక్కను. ఆ సంగతి అక్కకు దాచకుండా చెప్పేశాడు. లాగిన్, ట్యాబ్లెట్, మీట, బరువు, అంతా.

అత్త మొత్తం వింది. పెదవి బిగించింది. కళ్లు తడిశాయి గానీ, మొదట వచ్చిన మాట వేరు.

"అయితే ఆ మనిషీ, ఆ కుక్కా కలిపితే నా బరువనుకున్నావా?"

"ఒకప్పుడు అంతే ఉండేదానివి," అన్నాడు ఆయన గొంతు సవరించుకుంటూ.

అటకమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ పొయ్యి మీద ఒక్క మనిషికి సరిపడా గంజి ఉంది. కూరగాయల బుట్టలో రెండు వాడిన వంకాయలు. మంచినీళ్ల గ్లాసుతో ఆమె తిరిగొచ్చేసరికి అక్కాతమ్ముళ్లు డాక్టరు గురించి వాదించుకుంటున్నారు. తనకు తెలిసిన డాక్టరు మంచివాడని ఆయన, ఆ డాక్టరుకు చెవుడని ఆవిడ.

"ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేదిగా," అంది అత్త మధ్యలో, మామూలు గొంతుతో.

"నువ్వు ఎత్తవేమోనని."

"ఎత్తకపోదును. ఇంకోసారి చేసేవాడివి."

ఆ తర్వాత ఆవిడ కొన్ని వారాలు తమ్ముడి ఇంట్లోనే కింది వాటాలో ఉండి వైద్యం చేయించుకుంది. కత్తెరకూ ఆవిడకూ చక్కగా కుదిరింది. ఇద్దరూ కలిసి ఇంట్లో ఏ దీపం అనవసరంగా వెలుగుతోందో కనిపెట్టి ఆర్పేసేవారు. మోకాలు కుదుటపడ్డాక అత్త తన ఇంటికి వెళ్లిపోతానని పట్టుబట్టింది. తన మంచం మీద తప్ప నిద్ర పట్టదంది. ఆయన రోజూ పొద్దున ఫోను చేయడం మొదలుపెట్టాడు.

ఒక రోజు ఫోను ఎత్తలేదు. ఆయన మళ్లీ చేశాడు, మళ్లీ ఎత్తలేదు. అటకమ్మ పైనుంచి పరుగున దిగి స్కూటరు తీసింది. వాళ్లు వెళ్లేసరికి భవనం ముందున్న అరుగు మీద అత్త, టీచరు కూర్చుని నేరేడు పళ్లు తింటున్నారు. కుక్క వాళ్ల కాళ్ల దగ్గర పడుకుని ఉంది.

"ఫోనేదీ?" అన్నాడు ఆయన రొప్పుతూ.

"పైన ఉంది. నడకకు ఫోనెందుకు?" అంది అత్త. ఆ తర్వాత తమ్ముడి చెమట పట్టిన ముఖం చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. "కూర్చో. ముందు ఊపిరి తీసుకో. అమ్మాయ్, నువ్వూ రా, ఇవి తియ్యగా ఉన్నాయి."