ఊరి పరువు మోసిన తల

ఊరి పరువంతా అబ్బులు నడినెత్తిమీదే ఉందని మునసబు పల్లంరాజుగారు పదిమందిలోనూ చెప్పేవారు. ఏటా అమ్మవారి జాతరలో అబ్బులు గుడిముందు మోకాళ్ళమీద కూర్చుంటే, పూజారి అతని తలమీద వరసగా కొబ్బరికాయలు కొట్టేవాడు. కాలవ అవతలి ఊళ్ళో ఇంత గట్టి తల లేదు. అందుకని ఊళ్ళో పెద్దలందరూ మీసాలు మెలేసేవారు. తల అబ్బులుది, మీసాలు వాళ్ళవి.

ఆ ఏడు కూడా కాయలు కొట్టించుకుని నవ్వుతూనే ఇంటికొచ్చాడు. కొన్ని వారాలకి తలనొప్పి పట్టుకుంది. ముప్పై నిండని మనిషి పట్టపగలు కునికిపాట్లు పడేవాడు. ఎడంకాలి చెప్పు దారిలో జారిపోయినా తెలిసేది కాదు. ఒకనాడు అన్నం వడ్డిస్తున్న పెళ్ళాం రత్నమాణిక్యాన్ని చూసి, "నువ్వెవరమ్మా?" అన్నాడు. ఆమె గరిటె అక్కడే పడేసి వైద్యుడి కోసం పరిగెత్తింది.

ఊళ్ళో తెలివికేం లోటు? వైద్యుడు పైత్యమన్నాడు. కల్లు ఎక్కువైందన్నారు ఇంకొందరు. పల్లంరాజుగారు మాత్రం అసలు సంగతి కనిపెట్టేశారు. చివరి కాయ రెండో దెబ్బకిగాని పగల్లేదట, అమ్మవారికి కోపమొచ్చిందట, శుక్రవారం మళ్ళీ కొట్టిస్తే అదే సర్దుకుంటుందట. అందరూ ఆహా అన్నారు. దెబ్బ తిన్న తలకి ఇంకో దెబ్బే మందు! ఆ మందు కనిపెట్టిన బుర్ర మాత్రం తలపాగా కింద భద్రంగా ఉంది.

"ఆయన నిలబడనే లేకపోతున్నారండి. ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కడండి" అని రత్నమాణిక్యం మొత్తుకుంది.

"నిలబెట్టి ఎవరు కొడతారే? కూర్చోబెట్టే కొడతాం" అన్నారాయన, పెద్ద దయ తలిచినట్టు.

శుక్రవారం పొద్దున్నే అక్కడ డప్పులు కాచుకుంటూంటే, ఇక్కడ ఆమె మొగుణ్ణి పట్టుకుని నడిపించి, కాలవ రేవులో రాజమండ్రి వెళ్ళే పడవెక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరు అతని కళ్ళు చూశాడు, కాలు చూశాడు. "ముసలివాళ్ళకైతే చిన్న దెబ్బకే పుర్రెలోపల నెత్తురు ఊరుతుంది. ఈ వయసువాడికి ఊరికే రాదు. తలకేం తగిలింది?" అన్నాడు.

"కొబ్బరికాయలండి."

"చెట్టుమీంచి పడ్డాయా?"

"లేదండి, కొట్టారు."

"ఎవరు, పగవాళ్ళా?"

"మా ఊరివాళ్ళేనండి. భక్తితో" అంది రత్నమాణిక్యం. ఆ మాట అనడానికి ఆమెకి సిగ్గేసింది.

డాక్టరు వెంటనే అతన్ని బల్లమీద పడుకోబెట్టించాడు. తరవాత మత్తిచ్చి పుర్రెకి చిన్న చిల్లు పెడితే, మెదడుని నొక్కుతున్న పాతనెత్తురు నల్లగా, చింతపండు రసంలా బయటికొచ్చింది. ఆమె మంచం పక్కనే కూర్చుంది. తెలివొచ్చాక అబ్బులు అటూ ఇటూ చూసి, "మాణిక్యం, నా ఎడంచెప్పేదే?" అన్నాడు. ఆమె బావురుమంది.

మరుసటేడు జాతర ముందు పల్లంరాజుగారు నలుగురినీ వెంటేసుకుని, కొబ్బరికాయ పట్టుకుని వాళ్ళ గుమ్మంలోకొచ్చారు.

"డాక్టరు బాగుచేసిన తల! ఇంకా గట్టిపడుంటుంది. ఊరి పరువు కదే, పంపించు."

రత్నమాణిక్యం కాయ అందుకుంది. "అలాగేనండి. తలపాగా తియ్యండి."

"ఎవరిది?"

"తమరిదేనండి. పరువు ఊరిది, ఊరికి పెద్ద తమరు. ఈ ఏడు తమరు కూర్చోండి."

వెంట వచ్చిన నలుగురూ ఆయన తలవైపు చూశారు. పల్లంరాజుగారు రెండు చేతులతోనూ తలపాగా అదిమి పట్టుకుని, గుమ్మం దిగి చరచరా వెళ్ళిపోయారు.

ఆ ఏడు కాయలన్నీ రాతిమీదే కొట్టారు. అమ్మవారు ఏమీ అనలేదు.