చివరి ధారలు

పాలకేంద్రంలో ఆమెకు "పంపు" అని పేరు పడి వారమైంది. ఆమె క్యాను పట్టుకుని రాగానే "పంపొచ్చింది, జరగండ్రా!" అని ఎవడో ఒకడు అంటాడు, లైనంతా కిసుక్కుమంటుంది. పాలలో నీళ్ళు కలుపుతోందని వాళ్ళ నమ్మకం. పోయిన నెల దాకా కేంద్రంలో లీటర్లు చూసి డబ్బులిచ్చేవాళ్ళు. ఇప్పుడు మిషను వచ్చింది, వెన్న శాతం చూస్తున్నారు. ఆ పరీక్షలో ఆమె పాలు రెండుసార్లు తప్పాయి. మూడోసారీ తప్పితే కేంద్రంలో పాలు పోసే కార్డు రద్దు, కార్డు పోతే మూడు ఆవుల్నీ అమ్ముకోవాల్సిందే. అయినా ఆమెను ఎక్కువగా దహించేది కార్డు కాదు, ఆ పేరు. ఒక్క చుక్క నీళ్ళు పోసి ఎరగదు మహాతల్లి!

వారమంతా ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన క్యానే మళ్ళీ మళ్ళీ కడిగింది. దాణా మార్చింది. మిషన్ దగ్గరుండే గుమస్తాకి తనంటే గిట్టదేమో అనుకుంది. ఆఖరికి మొగుణ్ణి కూడా నిలదీసింది.

"నువ్వేమైనా కలుపుతున్నావా?"

"నాకంత తెలివే ఉంటే ఈపాటికి బాగుపడేవాణ్ణి కాదూ!" అన్నాడాయన.

మూడో పరీక్షకి ముందురోజు పొద్దున్నే వెళ్ళి కొట్టంలో తిష్ట వేసింది. పాలు పితికేది అత్తగారు. ఆవులతో ఎన్ని కబుర్లైనా చెబుతుంది గానీ, పదకొండేళ్ళుగా కోడలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు. ఆవిడ మొదటి ఆవుని చకచకా పితికి, పొదుగులో ఇంకా పాలుండగానే లేచి దూడ తాడు విప్పింది.

"అదేంటత్తయ్యా, ఇంకా ఉన్నాయిగా?"

"అవి దూడవి."

కోడలికి ఏదో తట్టింది. దూడని పక్కకి నెట్టి, మిగిలిన ధారలు గ్లాసులోకి పితికి, క్యానులో పాల పక్కన పెట్టి చూసింది. గ్లాసులోవి పచ్చగా, చిక్కగా ఉన్నాయి. ముట్టుకుంటే వేలికి జిడ్డంటింది. వెన్నంతా ఇక్కడే ఉంది! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"కొంప ముంచారు కదత్తయ్యా! ఊరంతా నన్ను దొంగని చేసి ఆడుకుంటోంది!"

"చెంబుతో కొలిచి అమ్మిన రోజుల్నుంచీ ఇంతేగా. మా అమ్మా ఇంతే చేసేది. చెంబు నిండితే కొనేవాడికి చాలు, మిగిలింది దూడ తాగేది."

"వాళ్ళకిప్పుడు చెంబు నిండితే సరిపోదత్తయ్యా. వెన్న కావాలి. ధరంతా దానికే."

మర్నాడు అత్తగారు దూడల్ని ముందే వదిలి, పలచటి పాలు వాటికి తాగించి, పొదుగులో చుక్క మిగల్చకుండా పితికింది. కోడలు క్యాను ఎత్తుకోగానే, ఏమనుకుందో ఏమో, చెప్పులేసుకుని వెనకాలే బయల్దేరింది.

కేంద్రంలో కోడలి వంతు వచ్చింది. మిషను అంకె చూపించింది. నాలుగు పాయింట్ ఆరు! మూడున్నర వస్తే చాలు. ఆమె తలెత్తి లైను వంక చూసింది. ఇప్పుడనండి చూస్తాను, అన్నట్టు.

గుమస్తా కార్డు మీద ముద్ర కొట్టి, అందరికీ వినబడేలా అన్నాడు.

"చూశారా? కాస్త భయం చెబితే నీళ్ళు ఎలా ఆగిపోయాయో!"

లైనంతా గొల్లుమంది. ఇన్నాళ్ళూ అది అనుమానం, ఇప్పుడు రుజువైపోయింది. ఆ రుజువు కోడలు తన చేత్తో తనే తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టింది.

వెనక నుంచి అత్తగారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవయ్యా! తప్పు నాది. చివరి పాలు దూడకి వదిలేదాన్ని. నా కోడలు అలాంటిది కాదు. దాన్ని ఇంకోసారి ఆ పేరుతో పిలిస్తే మర్యాదగా ఉండదు!"

"అబ్బో! అత్తా కోడలూ ఒకటైపోయారే!" అన్నాడు గుమస్తా. "తర్వాత ఎవరమ్మా?"

మళ్ళీ నవ్వులు. కోడలు కార్డు తీసుకుని అత్తగారి చెయ్యి పట్టుకుంది. తన కోసం ఆవిడ నోరు విప్పడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. ఆ మాట అక్కడ ఒక్కరూ నమ్మలేదు.