విమానానికి పెట్టిన బొట్టు

దేవుడికి మొర పెట్టుకున్నాక కూడా పని జరగకపోతే లోపం ఎక్కడున్నట్టు? ఈ అనుమానం పద్మనాభయ్యను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. గుళ్ళో అయ్యవారిని అడిగితే "నీ భక్తిలోనే నాయనా" అన్నాడు. భార్య ఆదిశేషమ్మను అడిగితే "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూసుకుంటూ సహస్రనామం చదివితే ఇంతే" అన్నది. ఇద్దరూ పంపేవాడి మీదే తప్పు వేశారు. పద్మనాభయ్య బిట్రగుంటలో రైల్వే కాలనీ ఎదురుగా రేడియోలు బాగుచేసుకునే మనిషి. అంత తొందరగా తీర్పు చెప్పడం ఆయనకు చేతకాదు. ఒకచోట బయల్దేరిన మాట ఇంకోచోట వినపడకపోతే మూడు చోట్ల వెతకాలి. పంపే చోట, అందుకునే చోట, మధ్యలో. దేవుడి విషయంలో మొదటి చోటే మన చేతికి అందుతుంది. మిగతా రెంటి మూతలు విప్పే స్క్రూడ్రైవరు ఇంతవరకు ఎవరికీ దొరికినట్టు లేదు.

అనుమానం ఉంది కదా అని ఆయన పూజ మానలేదు. అంగడికి వచ్చిన ప్రతి రేడియోకూ మూత విప్పేముందు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు చూసి, బాగుచేయడం అయిపోయిందనుకుని రేడియో తీసుకుపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకరిద్దరు తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో పద్మనాభయ్య ఎక్కువగా ఆలోచించలేదు.

అరవై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆయన బల్ల మీదికి ఒక విమానం వచ్చింది.

అది చెంచురామయ్యగారిది. ఆయనకు కావలి దగ్గర బోలెడంత మాగాణి, ఒక జీపు, వాటికి మించిన తీరిక ఉన్నాయి. మద్రాసులో ఒక కంపెనీ దొర సీమకు వెళ్ళిపోతూ ఇంట్లో సామాను అమ్ముతుంటే, ఈయన సోఫా కొనడానికి పోయి విమానం కొనుక్కొచ్చాడు. రెక్కల పొడవు నాలుగున్నర అడుగులు. బెండులాంటి కొయ్య, దాని మీద పట్టుకాయితం. ముక్కున నిమ్మకాయంత ఇంజను. ఆముదమూ కిరసనాయిలూ ఈథరూ కలిపి పోస్తే కందిరీగల తుట్టె కదిపినట్టు అరుస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలో ఒక ఇనుప పెట్టె, దానికి నిలువెత్తు ఏరియల్, ఒకే ఒక్క మీట. మీట నొక్కితే పెట్టెలోంచి రేడియో అల పోతుంది, విమానంలోని రిసీవరు దాన్ని అందుకుంటుంది, తోక కుడికి తిరుగుతుంది. వదిలితే తిన్నగా అవుతుంది. మళ్ళీ నొక్కితే ఎడమకు. దానికొచ్చిన చదువంతా అంతే.

విమానం ఉన్నాక సంఘం ఉండాలి. చెంచురామయ్యగారు అధ్యక్షుడు, ఆయన బావమరిది కార్యదర్శి, పద్మనాభయ్య సాంకేతిక సలహాదారు. వేరే సభ్యులు లేరు కనుక ఎన్నిక ఏకగ్రీవం. పెట్టెకు అనుమతి కావాలని పై ఆఫీసుకు రాస్తే, 'విమానంలో ఎంతమంది కూర్చుంటారు, వారికి మరుగుదొడ్డి వసతి ఏమిటి' అని జవాబు వచ్చింది. 'ఎవరూ కూర్చోరు కనుక ఎవరికీ అవసరం పడదు' అని సంఘం రాసింది. ఆఫీసు తృప్తిపడింది.

ఎగరేయడానికి సముద్రం ఒడ్డున, సరుగుడు తోపుకూ నీళ్ళకూ నడుమ ఉన్న గట్టి దిబ్బ కుదిరింది. అది పక్కనున్న జాలరుల పాలెం వాళ్ళు వలలు ఆరేసుకునే చోటు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే చోటు. వాళ్ళు ఒకవైపుకు జరిగి దారిచ్చారు.

మొదటి రోజు పద్మనాభయ్య సముద్రుడికి దణ్ణం పెట్టాడు. ఎదురుగా ఇంత తీర్థం ఉండగా ఇంటి నీళ్ళెందుకని దోసిలితో అలలోంచి నీళ్ళు తెచ్చి పసుపు కలిపాడు. విమానం ముక్కుకూ, పెట్టెకూ, ఏరియల్ మొదట్లోనూ ధారాళంగా బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. విమానం లేచింది. యాభై అడుగుల దాకా పెంపుడు కుక్కలా మాట విన్నది. ఆ తరువాత చెంచురామయ్యగారు మీట మీద ఎంత నొక్కినా వినకుండా తిన్నగా పోయి సరుగుడు తోపులో చిక్కుకుంది. రెండో ఆదివారం రెండు కొబ్బరికాయలు కొట్టారు, బొట్లు ఇంకా పెద్దవి పెట్టారు. ఈసారి నలభై అడుగులకే తిరగబడి సముద్రం దారి పట్టింది. గుంజల మీద ఆరేసిన వలలు అడ్డం రాబట్టి వాటిలో పడి, గీత కూడా పడకుండా చేతికొచ్చింది.

జీపు నీడలో సంఘం సమావేశమైంది. బావమరిది దిష్టి అన్నాడు. చెంచురామయ్యగారు ఎండుచేపల కోసం వచ్చే గద్దలు అన్నారు. అని పద్మనాభయ్య వైపు తిరిగి, "ఏందయ్యా, సలహాదారువి గదా, సలహా చెప్పు" అన్నారు.

పద్మనాభయ్యకు ఏమీ తోచలేదు. అంగట్లో పదిసార్లు చూశాడు, అక్కడ అన్నీ బాగానే పనిచేశాయి. ఏదో ఒకటి అనాలి కనుక, "తడి వలలు అలల్ని లాగేస్తున్నాయేమో" అన్నాడు.

ఆ 'ఏమో' మినిట్సు పుస్తకంలోకి ఎక్కలేదు. 'తడి వలలు రేడియో అలలను లాగివేయుచున్నవని సాంకేతిక సలహాదారు తేల్చినారు' అని ఎక్కింది. వారం తిరగకముందే తాసిల్దారుకు అర్జీ పోయింది. దిబ్బ పోరంబోకు కనుక కంచె వేసి సంఘానికి ఇప్పించాలి. తాసిల్దారు ఆదివారం వచ్చి స్వయంగా చూసి సంతకం పెడతానన్నాడు.

కంచె పడితే పాలేనికి మిగిలేది కాలవ పక్క బురదనేల. అక్కడ చేపలు ఎండవు, కుళ్ళుతాయి. ఈ సంగతి తెలిశాక పద్మనాభయ్యకు అన్నం సహించలేదు. గురువారం పొద్దున్నే పెట్టె, విమానం సైకిలుకు కట్టుకుని పాలేనికి బయల్దేరాడు.

దిబ్బ మీద పిచ్చమ్మ చేపలు తిరగేస్తున్నది. పాలెం పెద్ద ముత్యాలయ్య భార్య ఆమె. సైకిలును చూడగానే నడుం ఎత్తింది.

"రాండి సామీ, రాండి. మా వలలు మీ అలల్ని మింగినాయంటనే? ఇన్నేళ్ళుగా చేపల్నే సరిగ్గా పట్టలేదు అవి, మీ అలల్ని యాడ పట్టేది?"

"నేనట్లా అనలేదమ్మా. ఏమో అన్నాను."

"ఆ ఏమో మాకు కనపళ్ళేదే. కంచె మాత్రం కనపడతా ఉంది."

ఆయన సైకిలు మీది కట్టు విప్పసాగాడు. పిచ్చమ్మ దగ్గరికొచ్చి ఆ తాడును వేళ్ళతో పట్టి చూసింది.

"ఈ తాడు నాదే. పంచాయితీ రేడియో బాగుచేయను వచ్చి వానలో ఇరుక్కుంటే, నీ పనిముట్ల పెట్టె కట్టుకోమని కొత్తది నాలుగు బారలిచ్చినా. రేపే పంపిస్తానన్నావు. ఆరేళ్ళయింది ఆ రేపటికి."

పద్మనాభయ్యకు నిజంగానే మరుపు. తల గోక్కున్నాడు. "ఇస్తానమ్మా. ముందు ఈ విమానం పట్టుకో. నేను దూరం పోయి మీట నొక్కుతా. తోక తిరిగితే కేక వెయ్యి."

"దీని తోక తిప్పే పని కూడా మాదేనా?" అంటూనే పట్టుకుంది.

ఆయన ఇరవై అంగలు వేసి నొక్కాడు. "తిరిగింది!" యాభై అంగలు. "తిరిగింది!" నూరు. "ఇటు తిరిగింది, ఇప్పుడు అటు తిరిగింది, నీ చెయ్యి ఊరుకోదా?" అప్పుడే నీళ్ళలోంచి తీసిన వలలు చుట్టూ కారుతున్నాయి. ఆయన కావాలని వాటి మధ్యకే పోయి నిలబడి నొక్కాడు. "తిరిగింది!"

వలల తప్పు లేదు. ఇంజను అదురుకేమైనా వదులవుతున్నదేమోనని ఇంజను వేసి, విమానాన్ని పిచ్చమ్మ చేతిలోనే ఉంచి చూశాడు. ఆ రొదలోనూ తోక తిరిగింది. బ్యాటరీలు చూశాడు, నిండుగా ఉన్నాయి. మరి ఆదివారాలు మాత్రమే ఏమొచ్చింది దీనికి? ఇసుకలో కూర్చుండిపోయాడు.

"ఆ రోజుల్లో చేసింది, ఈ రోజు చేయంది ఏదన్నా ఉందేమో చూసుకో సామీ," అంది పిచ్చమ్మ. "మాకు వల పడకపోతే అట్టనే చూసుకుంటాం. ఆ రోజు పెళ్ళికూతురిని చేసినావు. ఈ రోజు ముండమోపిలాగ తెచ్చినావు."

పద్మనాభయ్య ఆమె మొహంలోకి చూశాడు. లేచి గబగబా నీళ్ళ దగ్గరికి పోయి దోసిలి పట్టాడు. సంచిలోంచి పసుపు తీసి కలిపి, ఎప్పటిలాగే ఏరియల్ మొదట్లో పెద్ద బొట్టు పెట్టాడు. నలభై అంగలు వేసి నొక్కాడు.

పిచ్చమ్మ పలకలేదు.

"తిరిగిందా?"

"ఎక్కడ? నిద్రపోతా ఉంది."

ఉత్తరీయంతో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ తుడిచి నొక్కాడు. తిరిగింది. సాయంత్రంలోగా ఆయన ఆరుసార్లు బొట్టు పెట్టాడు, ఆరుసార్లు తుడిచాడు. ఏడోసారి చేయాలనిపించలేదు. ఆరూ ఒకటే మాట చెప్పాయి.

ఇంటికి పోయే దారి పొడుగునా ఆయనకు ఇదే గొడవ. ఆదివారం బొట్టు పెట్టకుండా గమ్మునుంటే విమానం ఎగురుతుంది, తన పరువు నిలుస్తుంది. కానీ చెంచురామయ్యగారు ఆ పొద్దున వలలన్నీ తీయించేస్తానన్నారు. వలలు లేనప్పుడు ఎగిరితే నేరం వలలదేనని రుజువైపోతుంది. పడిపోతే ఎండుచేపలది అవుతుంది. ఎగిరినా పడినా ఓడేది పాలెమే. ఇక మిగిలింది నలుగురిలో నోరు తెరవడమే. తెరిస్తే, పూజ చేసి విమానాన్ని చెడగొట్టిన మెకానిక్కు అని బిట్రగుంట ప్లాట్‌ఫారం అంతా చెప్పుకుంటుంది. ఆ తరువాత రేడియో ఎవరు తెస్తారు?

ఆదివారం దిబ్బ మీద షామియానా వేశారు, రైసుమిల్లు నుంచి కుర్చీలు తెచ్చారు. తాసిల్దారుకు దండ పడింది. కంచె వేయడానికి సరుగుడు గుంజలు అప్పటికే దింపి ఉన్నాయి. ఉత్తరువు కంటే గుంజలు ముందొచ్చాయి. వలలన్నీ తీసేసి పాలెం జనం దూరంగా నిలబడ్డారు.

"ఊఁ, బొట్టు పెట్టవయ్యా పద్మనాభం," అన్నారు చెంచురామయ్యగారు.

పద్మనాభయ్య పసుపు సంచి కింద పెట్టాడు. "ముత్యాలయ్యా, మీ వలలు తెచ్చి మళ్ళీ ఇక్కడే ఎయ్యండి. తడిపి ఎయ్యండి," అన్నాడు.

"మతి పోయిందా నీకు?"

"ఇప్పుడే వచ్చిందండీ." తాసిల్దారు వైపు తిరిగి చేతులు జోడించాడు. "అయ్యా, లోపం వలల్లో లేదు. నా చేతిలో ఉంది. ఏరియల్ మొదట్లో పింగాణీ బిళ్ళ ఒకటి ఉంటుంది. అల పైకెక్కాలి గానీ ఇనుప పెట్టెలోకి దిగకూడదని పెట్టినారు దాన్ని. నేను సముద్రపు నీళ్ళతో పసుపు కలిపి సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టినాను. ఉప్పునీళ్ళ తడి తొందరగా ఆరదు. అల ఆ తడి మీదుగా పెట్టెలోకి జారిపోయింది. వలల మాట నేను తెలియక అన్నది."

షామియానా కింద బావమరిది లేచాడు. "అంటే దేవుడి బొట్టు తప్పంటావా? పూజలు చేసే నోటితోనే?"

"బొట్టు తప్పు కాదు. పెట్టిన చోటు తప్పు. కంట్లో పెట్టుకుంటే మనకు మాత్రం కనపడుతుందా?"

తాసిల్దారుకు ఫైళ్ళంటే విసుగు, మీటలంటే సరదా. "నేనే చూస్తాను, ఇలా ఇవ్వండి" అని పెట్టె అందుకున్నాడు. తడి వలల అవతల ముత్యాలయ్య విమానం పట్టుకున్నాడు. బొట్టుతో నొక్కితే తోక కదల్లేదు. తుడిచి నొక్కితే కుడికీ ఎడమకూ ఆడింది. తాసిల్దారు చిన్నపిల్లవాడిలా నవ్వి మళ్ళీ నొక్కాడు. ఆ తరువాత విమానం లేచి, వలల మీదుగా, అలల మీదుగా, గద్దల మధ్యగా మూడు చుట్లు తిరిగి గట్టిదిబ్బ మీద వాలింది. మూడు చుట్లూ పెట్టె తాసిల్దారు చేతిలోనే ఉంది. అడిగి తీసుకునే ధైర్యం అధ్యక్షుడికి రాలేదు.

"వలలుండగానే ఎగిరిందిగా. ఇక కంచె ఎందుకు?" అని తాసిల్దారు అర్జీ మీద రెండు గీతలు గీసి జీపెక్కాడు.

మినిట్సు పుస్తకంలో 'అధ్యక్షులవారి పట్టుదల వలన సముద్రజలమందు ఉప్పు ఉన్నదని కనుగొనబడినది' అని రాసుకున్నారు. దాని కింద పద్మనాభయ్య చేత సంతకం పెట్టించి, సలహాదారు పదవి బావమరిదికి ఇచ్చారు. ఆ వారంలో ఇద్దరు వచ్చి, నాస్తికుడి అంగట్లో తమ రేడియోలు ఉండకూడదని పట్టుకుపోయారు. ఆదిశేషమ్మ అంతా విని, "బొట్టు రేడియో నుదుట పెట్టండి ఇకమీదట, నోట్లో పెట్టకండి" అని మాత్రం అన్నది.

మరుసటి శనివారం పద్మనాభయ్య పాలేనికి పోయాడు. ఈసారి సైకిలు మీద పనిముట్ల పెట్టెతో పాటు కొత్త తాడు చుట్ట ఉంది. దిబ్బంతా చేపలు పరిచి ఉన్నాయి.

"దిబ్బ నిలబెట్టినాను గదమ్మా," అన్నాడు, కాస్త మెప్పు కోసమే.

"నువ్వు పడేసిందాన్ని నువ్వే నిలబెట్టినావు. దాన్ని నా తాడులో కలపబాక," అంటూ పిచ్చమ్మ చుట్ట అందుకుంది. చేతులు బార్లా చాపి కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకా మిగిలింది.

"ఆరు బారలు తెచ్చినా. ఆరేళ్ళయింది గదా, వడ్డీ అనుకో."

"వడ్డీ తినేవాళ్ళు వేరే ఉన్నారు సామీ. నేనిచ్చింది నాలుగు."

చేపలు కోసే కత్తిపీట మీద తాడు పెట్టి నాలుగో బార దగ్గర తెగ్గోసింది. నాలుగు బారలూ చుట్టచుట్టి పాకలో గుంజకు తగిలించింది. మిగిలిన ముక్క ఆయన చేతిలో పెట్టింది. పద్మనాభయ్య దాంతో సైకిలుకు పెట్టె కట్టుకున్నాడు. ముడి వేయడానికి సరిగ్గా సరిపోయింది.