చెల్లెలి ఫోన్ నుంచి

అక్క కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. చెల్లెలు బట్టలు కుడుతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో అక్క ఫోన్ నీళ్ల బకెట్లో పడి, వాళ్లమ్మ ఆఖరి ఫోటోలన్నీ పోయాయి. అక్క రెండు రోజులు ముద్ద ముట్టలేదు. చూడలేక చెల్లెలే ఒక నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె తెచ్చి వైఫై రూటర్ పక్కన పెట్టింది. వాళ్ల ఫోన్లలో తీసిన ప్రతి ఫోటో, వాళ్లెక్కడున్నా, నెట్ ఉంటే చాలు, దానంతటది వచ్చి అందులో చేరుతుంది.

“చెప్పుల డబ్బా అంత లేదు, దీనికింత హడావిడా?” అంది అక్క.

“లోపల రెండు డిస్కులున్నాయక్కా. ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటాయి.”

తర్వాత ఒకరోజు, మంచం మీద పడేసిన తడి తువ్వాలు దగ్గర మొదలై మాటా మాటా పెరిగింది. “నా ఇంట్లో ఉంటూ నాకే ఎదురు చెబుతావా?” అనేసింది అక్క. నోరు జారితే తీసుకోలేం కదా. మర్నాడే చెల్లెలు కుట్టుమిషనుతో సహా ఊరికి ఆ చివర ఒక గదిలోకి మారిపోయింది.

మాటలు ఆగిపోయాయి. ఫోటోలు ఆగలేదు.

వారం తర్వాత తన ఫోన్లో ఆ పెట్టెలోని ఫోటోలు తెరిచి ఏదో వెతుకుతూ అక్క ఆ సంగతి గమనించింది. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం షాపులో తింటూ చెల్లెలి ఫోటోలు చూసేది. కొత్త కిటికీ. కుట్టడం పూర్తయిన గౌను. అడుగంటి నల్లబడ్డ గిన్నె. ఆ గిన్నె చూసి ఫక్కున నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇలా చూడటం తప్పని తెలుసు. చెబితే ఆపేస్తుందని భయం. పలకరిద్దామంటే పంతం అడ్డం. ఏడు నెలలు అలాగే గడిచాయి.

ఒక మంగళవారం ఎక్స్‌రే ఫోటో వచ్చింది. వెనకాలే ఇంకొకటి: మోచేతి దాకా కట్టుతో కుడిచెయ్యి. అక్క తింటున్నది వదిలేసి ఫోన్ చేసింది.

“చెయ్యెలా విరిగిందే?”

“నీకెవరు చెప్పారు?”

అక్క దాచకుండా చెప్పేసింది.

“ఏడు నెలలు చూస్తూ కూర్చున్నావా? ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా అక్కా?”

“నోరు రాలేదే.”

“చెయ్యి విరిగితే గానీ రాలేదన్నమాట.”

అక్క గది ఎక్కడో కనుక్కుని, షాపులో సెలవడిగి బస్సెక్కింది. వెళ్లేసరికి చెల్లెలి జుట్టు రెండు రోజులుగా దువ్వక చిక్కుపడి ఉంది. మొన్న మెట్ల మీద కాలు జారితే, బెణుకేననుకుని ఇవాళే ఎక్స్‌రే తీయించుకుందట. అక్క వెనక కూర్చుని చిక్కు తీసి జడ వేసింది. ఆ రోజు తనన్న మాటకు క్షమించమంది. చెల్లెలు తల తిప్పలేదు.

“ఇంటికొచ్చెయ్యవే.”

“రాను. ఇక్కడ బాగానే ఉంది.” జడ ముందుకేసుకుంటూ అంది, “ఇంటికెళ్లాక నా ఫోన్‌ని ఆ పెట్టె నుంచి తీసెయ్యి. వచ్చిన ఫోటోలు ఉంచుకో. నన్ను చూడాలనిపిస్తే మనిషివే రా. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను.”

సాయంత్రం ఇంటికి రాగానే అక్క చెప్పినట్టే చేసింది. ‘నిజంగా తొలగించాలా?’ అని తెర మీద రెండోసారి అడిగింది. అవునని నొక్కింది. ఆదివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.