ఇస్త్రీపెట్టెల బరువు

పెద్దకోడలి ఇస్త్రీ దుకాణంలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. నాలుగు కాళ్ళూ నాలుగు ఎత్తులు. అందులో పడిపోకుండా కూర్చోవడం ఈ భూమ్మీద ఒక్క మామగారికే వచ్చు. జీవితమంతా రైలింజను తోలి రిటైరైన మనిషి, ఊగే కుర్చీ ఆయనకో లెక్కా? మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి కూర్చునేవారు. ఆమె చొక్కా ఇస్త్రీ చేసి అందిస్తే ఆయన మడత పెట్టేవారు. మడత మడతకీ ఓ కథ. మంచులో సిగ్నలు కనబడక ఇంజను దిగి నడిచి చూసొచ్చిన కథ. పట్టాల మీద పడుకున్న గేదె హారను వినీ లేవకుండా నెమరేస్తూ కూర్చున్న కథ. విన్న కథే మళ్ళీ చెప్పినా ఆమె కొత్తగా విన్నట్టే ఊ కొట్టేది. పుట్టింట్లో తండ్రి లేడు. ఆ లోటు ఆ కుర్చీతో తీరిపోయిందని పైకి ఎప్పుడూ అనలేదు గానీ, లోపల అనుకునేది.

ఇప్పుడా కుర్చీ ఖాళీ. దానిమీద విప్పని బట్టల మూటలు పెడుతోంది.

ఎందుకు ఖాళీ అయిందంటే, మరిది పెళ్ళి చేసుకుని చిన్నకోడల్ని తెచ్చాడు గనుక. ఆ పిల్ల గేట్లూ గ్రిల్లులూ చేసే వర్క్‌షాపులో వెల్డింగు చేస్తుంది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, ఇనుము మాత్రం ఆమె చెప్పినట్టు వింటుంది. వచ్చిన కొత్తలో ఒకరోజు అన్నం తింటూ అడిగింది.

"మామయ్యా, మీరు తోలిన డీజిలు ఇంజను ఎలా ఉండేది? ముక్కెలా ఉండేది? చక్రాలెన్ని?"

అంతే. మామగారు గ్లాసులో వేలు ముంచి బల్లమీద నీళ్ళతో బొమ్మ గీశారు. అది ఆరకముందే చిన్నకోడలు అంది, "మనం ఒకటి చేద్దామా? బొమ్మ కాదు. ఎక్కి తిరిగేది."

ఇన్నేళ్ళ కాపురంలో పెద్దకోడలు ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. అడిగే అవసరమేముంది, ఆయన చెబుతుంటే వినేది. అడగాలని తెలిస్తే తనూ అడిగేది కదా! కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అన్నారా?

ఇంటి వెనక మూతబడిన గోడౌను, దాని చుట్టూ ఖాళీ జాగా. గోడౌను పంచన రేకుల షెడ్డులో మామా కోడళ్ళ పని మొదలైంది. పాత జనరేటరు ఇంజను ఒకటి కొనుక్కొచ్చారు. చెయినుతో చక్రాలకు కలిపారు. పైన పల్చటి రేకుతో, మంచమంత పొడుగు, నడుమంత ఎత్తున ఇంజను ఒళ్ళు తయారైంది. మొద్దు ముక్కు, గుడ్లగూబలా రెండు దీపాలు. దాన్ని తోలేవాళ్ళు వెనక తగిలించిన చక్రాల పీట మీద కూర్చుని, చేతులు ముందుకు చాచి తోలాలి. ఆ వెనక ఇంకో మూడు పీటలు, ఎక్కే జనానికి. జాగా చుట్టూ చెక్క దిమ్మల మీద సన్నటి పట్టాలు పరిచారు. ఒకవైపు నేల ఎత్తుగా లేచి, గోడౌను పక్కన చీకటిగా ఉండే రేకుల పంచ కిందికి దూరుతుంది. దానికి సొరంగమని పేరు పెట్టుకున్నారు.

పెద్దకోడలు సాయంత్రం టీ పట్టుకెళ్ళేది. ఇద్దరి తలలూ ఇంజను కడుపులో ఉండేవి.

"టీ," అనేది.

"అక్కడ పెట్టమ్మా పెద్దమ్మాయీ," అనేవారు మామగారు, తల ఎత్తకుండా.

"చల్లారిపోతుంది."

"చల్లారితే ఏముందక్కా, ఇంజను మీద పెడితే కాగుతుంది," అని చిన్నకోడలు నవ్వేది.

"పేరు డీజిలు, తాగేది పెట్రోలు. కాగేది మాత్రం మా కడుపులు," అనేది పెద్దకోడలు. ఇద్దరూ నవ్వేవారు. హాస్యమనుకునేవారు.

ఒకరోజు గుమ్మం దగ్గరకు వచ్చేసరికి లోపల మామగారి గొంతు వినిపించింది. "సొరంగంలోకి మొదటిసారి డీజిలు తీసుకెళ్ళిన రోజు..."

పెద్దకోడలు గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. అది ఆమె కథ. ఓ వానాకాలపు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, దుకాణంలో చీకట్లో కూర్చుని ఆయన తనకొక్కదానికే చెప్పిన కథ. మిగతాది వినకుండా టీ గ్లాసు గుమ్మం మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. ఆ రాత్రి మొగుడితో అంది, "ఇంట్లో ఓ తోడికోడలు చాలదని ఇనుప తోడికోడల్ని కూడా తయారు చేస్తున్నారు."

"నీకేం తక్కువైంది?" అన్నాడతను. ఆ మాటకి జవాబు తెలిస్తే ఆమె ఏడ్చేదే కాదు.

ఇంజను పరుగెత్తే ఆదివారం వచ్చేసింది. వీధంతా పిలిచారు. ముందురోజు మధ్యాహ్నం చిన్నకోడలు వర్క్‌షాపుకి, మామగారు రంగు డబ్బా కోసం బజారుకి వెళ్ళారు. పెద్దకోడలు ఒక్కతే షెడ్డులోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలీదు. సవతిని దొంగచాటుగా చూసినట్టు ఇంజను చుట్టూ తిరిగింది. నీలం రంగు, పక్కన పసుపు గీత. అందంగా ఉంది, అదే ఆమె బాధ. మూత పైకెత్తింది.

లోపల, వెనక చక్రాల మీద, తన ఇస్త్రీపెట్టెలు!

పాతకాలపు బొగ్గుల పెట్టెలు. కరెంటు పెట్టెలు వచ్చాక అటక మీద పెట్టింది. ఒక్కొక్కటీ చంటిపిల్లంత బరువు. వాటితోనే చేతులు కాయలు కాయించుకుని ఈ దుకాణం నిలబెట్టింది. వాటిని వరసగా పేర్చి, తీగెతో కట్టి, ఇంజను కడుపులో పెట్టారు. ఒక్క మాటైనా చెప్పలేదు.

ఎందుకు పెట్టారో అడగవచ్చు. అడగబుద్ధి కాలేదు. అడిగితే వాళ్ళో కారణం చెబుతారు, కారణం వింటే కోపం పోతుంది. ఆ కోపం పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. తీగె విప్పి, ఒక్కొక్క పెట్టెనీ దుప్పట్ల మూటలో చుట్టి, ఇంటికి మోసుకెళ్ళి మంచం కిందికి తోసింది. మూత మళ్ళీ ఉన్నట్టే వేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, తోడికోడలి మీద కోపం ఇంజను మీద చూపించింది.

ఆదివారం సాయంత్రం. గోడల మీద పిల్లలు, కిటికీల్లో ఆడవాళ్ళు. వీధంతా వరస కలిపి పిలిచే టీకొట్టు బావగారు కొట్టు మూసి మరీ వచ్చాడు. మామగారు పాత టోపీ పెట్టుకుని ముందు పీట మీద కూర్చున్నారు. వెనక పీటల మీద వీధి జనం ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. ఇంజను దగ్గింది, పొగ ఊదింది, కదిలింది. చదునులో పరుగే పరుగు. చప్పట్లతో జాగా హోరెత్తింది. పెద్దకోడలు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూసింది. ఎవరూ ఆమెను ఎక్కమనలేదు. అన్నారేమో, ఆమె వినలేదు.

ఎత్తు వచ్చింది. ఇంజను సగం ఎక్కి ఆగిపోయింది. చక్రాలు మాత్రం పట్టాల మీద కీచుమంటూ అక్కడికక్కడే గిరగిరా తిరుగుతున్నాయి.

"తాతా, దిగి తోయమంటారా? టిక్కెట్టు వాపసిస్తారా?" అన్నాడు టీకొట్టు బావగారు. నవ్వులే నవ్వులు.

చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది. మొహం వెల్డింగు వెలుగు తగిలినట్టు ఎర్రబడింది. "మొన్న ఎక్కింది మామయ్యా! ఇంతకన్నా ఎక్కువ బరువు లాగింది! ఏం తప్పు చేశానో..." అంటూ వంగి చక్రాలు చూసింది.

ఆ మాట వినాలని పెద్దకోడలు ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. వినిపించాక ఆ తీపి ఒక్క క్షణమే నిలిచింది. ఎందుకంటే ఆ పక్కనే మామగారి మొహం కనిపించింది. ఏళ్ళ తరబడి వేల మందిని ఎక్కించుకుని ఒక్క ఎత్తు దగ్గరా ఆగని మనిషి, వీధి ముందు టోపీ తీసి నుదురు తుడుచుకుంటున్నారు.

ఆయన లేచి మూత ఎత్తారు. లోపలికి చూశారు. తలెత్తి, ఇంతమందిలో వెతక్కుండానే, నేరుగా పెద్దకోడలి వైపు చూశారు. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

మూత మెల్లగా వేశారు. "నీ తప్పేం లేదు చిన్నమ్మాయీ. వెనక బరువు లేదు. చక్రం పట్టాని పట్టాలంటే మీద బరువుండాలి. పెట్టెలు నేనే తీసేశాను."

"మీరా? ఎప్పుడు?"

"నిన్న. అవి మీ అక్కవి. అడక్కుండా తీసుకున్నాం. నీకు చెప్పడం మరిచాను. ఆ పెట్టెలు ఎవరి కష్టమో తెలిసుండీ అడగలేదు నేను. అది నా తప్పు."

పెద్దకోడలికి నేల చీలితే బాగుండుననిపించింది. తిట్టినా ఇంతగా మనసు కాలేది కాదు.

చిన్నకోడలు చేతులు మసిగుడ్డకి తుడుచుకుంటూ వచ్చింది. "అక్కా, తప్పైపోయింది. ఈ ఒక్క పూటకి ఆ పెట్టెలు ఇస్తావా? పరుగెత్తుకెళ్ళి తెస్తాను."

మంచం కింద ఉన్నాయి, దుప్పట్లలో చుట్టి. తెమ్మంటే అయిపోయేది. పెద్దకోడలు చీర కొంగు నడుంలో దోపింది.

"పెట్టెలెందుకే? నేను చచ్చానా? మీ బావగారు రోజూ అంటూనే ఉంటారు, ఈ ఒంటి బరువు ఎందుకైనా పనికొస్తుందా అని. జరుగు."

"ఎక్కక్కా, భయపడకు. నేను వేసిన అతుకు అది, ఏనుగెక్కినా..." చిన్నకోడలు నాలిక కరుచుకుంది.

"అను, అను. పూర్తిగా అను," అంటూ పెద్దకోడలు ఇంజను వీపు మీద, సరిగ్గా వెనక చక్రాల పైన, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. రేకు కిర్రుమంది. వీధి గొల్లుమంది. టీకొట్టు బావగారు ఏదో అనబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాడు.

మామగారు మళ్ళీ మీట వంచారు. ఆమె కింద ఇంజను ఒళ్ళు విరుచుకుంది. చక్రం ఒకసారి జారింది, రెండోసారి పట్టింది. మెల్లగా, దళసరి బట్ట మీద నడిచే ఇస్త్రీపెట్టెలా, ఇంజను ఎత్తు ఎక్కింది.

"పెద్దమ్మాయీ, కూత నీ చేతి దగ్గరుంది," అన్నారు మామగారు వెనకనుంచి.

రేకుల పంచ నల్లగా నోరు తెరిచి ఎదురొచ్చింది. పెద్దకోడలు హారను మీట పట్టుకుని ఒక పొడుగు కూత వేసింది. చీకట్లోకి వెళ్ళాక ఇంకొకటి, చిన్నది, పిట్ట కూసినంత.

ఆమె వెనకే పీట మీద మామగారు నవ్వారు. దుకాణంలో నవ్వే నవ్వు.

బయటికి వచ్చాక పక్కనే పరుగెత్తుతూ చిన్నకోడలు అడిగింది. "అక్కా, పొడుగు కూత సరే. పట్టాల మీద పనివాళ్ళకి. లోపల ఆ చిన్నదెందుకు?"

పెద్దకోడలికి తెలుసు. సొరంగం లోపల వేసిన పొట్టి కూత ఎవరికోసమూ కాదు, చీకట్లో తనకి తనే తోడుగా వేసుకున్నానని ఆయన ఆ వానరోజు చెప్పారు. కరెంటు రాకముందు, చివర్లో, గొంతు తగ్గించి చెప్పారు.

"అయ్యో! అది మామయ్య నీకు చెప్పలేదా?" అంది. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇంజను తిరుగుతోంది. ఎత్తు వచ్చేముందు ఆగుతుంది, పెద్దకోడలు ఎక్కుతుంది. ఒకసారి చిన్నకోడలు అంది, "నీకెందుకక్కా శ్రమ, వర్క్‌షాపులో ఇనుప కమ్మీలు బోలెడున్నాయి, కోసి లోపల వేసేస్తాను."

"వద్దులే చిన్నమ్మాయీ," అన్నారు మామగారు టోపీ సర్దుకుంటూ. "ఇనుము తుప్పు పడుతుంది."

ఇస్త్రీపెట్టెలు మంచం కిందే ఉన్నాయి. తెమ్మని ఆయన అడగరు, ఇస్తానని ఆమె అనదు.

మొన్న ఆదివారం ఇంజను మీద కూర్చుని చూస్తే, చిన్నకోడలు పట్టాల పక్కన స్పానరు పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్ళు నవ్వడం లేదు. తను కట్టిన ఇంజను, మీద ఇంకొకరు. ఆ చూపు పెద్దకోడలికి కొత్తదేం కాదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడినప్పుడు తన కళ్ళలో ఉన్నదే అది.

పాపం అనిపించింది. ఇంజను మీద కాస్త ముందుకు జరిగింది.

మరో మనిషి పట్టేంత మాత్రం జరగలేదు.