పిచ్చమ్మ పాదాల కింద ఏరు

పొద్దున లేవగానే మంచం మీదే కూర్చుని అరికాళ్లు తుండుగుడ్డతో తుడుచుకోవడం పిచ్చమ్మకి పాతికేళ్ల అలవాటు. ఒకప్పుడు తుడిచేకొద్దీ తడి ఊరేది. ఇంటి కింద ఎక్కడో సన్నని నీటిపాయ ఒకటి ఉంది మరి. భూమిలో మంచినీళ్లున్న చోట నిలబడితే ఆమె అరికాళ్లు చెమ్మగిల్లుతాయి. నీళ్లు బాగా ఉంటే అడుగు తీసిన చోట మట్టి మీద తడి ముద్ర పడుతుంది. వినుకొండ చుట్టుపక్కల రైతులకి ఇదేమంత వింత కాదు. బోరు వేయించాలనుకున్నవాడు బండి వేసుకుని వచ్చేవాడు. ఆమె వెనక కూర్చుని వెళ్లి, పొలంలో చెప్పుల్లేకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిచేది. తడి పడిన చోట రైతు రాయి పెట్టుకునేవాడు. మళ్లీ ఇంటి దగ్గర దింపి, ఒక సంచీడు కాయలో కూరగాయలో చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు.

మూడేళ్లుగా ఆ తుండుగుడ్డకి తడి తగలడం లేదు.

తగలకపోవడం మొదలైంది ఆమె అన్న రామాంజనేయులు పొలం దగ్గర. అప్పటికే ఆయన మూడు బోర్లు వేయించాడు, మూడూ ఎండుబోర్లే. నాలుగోదానికి చెల్లెల్ని పిలిచాడు. ఆమె పడమటి మూల చూపించింది. రిగ్గు లారీ వచ్చి రెండు రోజులు దొలిచింది. తొమ్మిది వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. పూత మీదున్న మిరపతోట నిలువునా మాడిపోయింది. ఊరి జనం చూస్తుండగా రామాంజనేయులు ఆ దుమ్ము గుప్పిట్లోకి తీసుకుని, "నీ కాళ్లని నమ్మి నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నాను" అన్నాడు. చెల్లెలితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. తరువాత గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. ఊరికి వచ్చినా చెల్లెలి వీధిలోంచి నడవడు.

ఆయన కూతురు నాగజ్యోతి ఒంగోలులో నర్సు. తల్లి లేని పిల్లని పిచ్చమ్మే పెంచింది. ఇద్దరినీ కలపాలని ఆ పిల్ల పండక్కీ పబ్బానికీ ప్రయత్నిస్తూనే ఉంది. ఎప్పుడు ఒకచోట కూర్చోబెట్టినా తండ్రి లేచి తువ్వాలు దులిపి వెళ్లిపోయేవాడు. ఆఖరికి ఆమెకొక ఉపాయం తట్టింది. కొత్తపట్నం దగ్గర జక్రయ్య అనే ఆయన పడవలో జనాన్ని సముద్రం చూపించడానికి తిప్పుతాడు. ఆ పడవని ఒక పూటకి తమ ముగ్గురికే మాట్లాడుకుంది. అత్తకి ఫోన్ చేసి, "సముద్రం చూద్దువుగాని రా" అంది. తండ్రికీ అదే చెప్పింది. రెండోవాళ్లు వస్తున్నారని ఎవరికీ చెప్పలేదు. నీళ్ల మధ్య నుంచి లేచి ఎక్కడికి పోతారు?

జనవరి నెల. ఎండ అప్పుడే పైకి వస్తోంది. గుండ్లకమ్మ సముద్రంలో కలిసే మొగకి కాస్త ఇవతల, రేవులో ఫైబర్ పడవ కట్టేసి ఉంది. పిచ్చమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. కూతురి వెనకే వచ్చిన రామాంజనేయులు చెల్లెల్ని చూసి ఆగిపోయాడు.

"ఇదా నువ్వు చూపిస్తానన్న సముద్రం?" అన్నాడు కూతురితో.

"నాన్నా, ఎక్కు. నామీద ఒట్టు."

ఎక్కాడు. కానీ పడవ వెనక కొసన, ఇంజను పక్కన, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు.

జక్రయ్య అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగించి, పట్టీలు బిగించి, తాడు విప్పాడు. యాభై దాటినవాడు, చేపల వేట మానేసి ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్లు. "మొగ దాటేటప్పుడు గట్టిగా పట్టుకోండమ్మా. రెండు వైపులా ఇసక మేటలు. మధ్యలో దారి ఒక్కటే" అన్నాడు. పడవ రెండుసార్లు ముక్కు ఎత్తి దింపి, మొగ దాటి బయటికి వచ్చింది.

పిచ్చమ్మ సముద్రాన్ని చూడలేదు. కాళ్లు మడిచి బల్ల మీద పెట్టుకుని అరికాళ్లని చీర కుచ్చెళ్లలో దాచుకుంది. అన్న వీపునే చూస్తూ ఉండిపోయింది. మూడేళ్లలో ఆ వీపు ఎంత వంగిపోయిందో!

"నాన్నా, అత్తకి ఒంట్లో బాగుండట్లేదు. ఒక్క మాట పలకరించు" అంది నాగజ్యోతి.

రామాంజనేయులు సముద్రం వైపు చూస్తూనే జవాబిచ్చాడు. "గురువారం రిగ్గు వస్తోంది. గుంటూరు నుంచి మిషను పెట్టి చూసే ఆయన్ని తీసుకొచ్చా. తూర్పు మూల నీళ్లున్నాయన్నాడు. ఖర్చుకి ఇల్లు బేరం పెట్టా. శనివారం కాగితాలు."

"ఇల్లా? మనకున్నది ఆ ఒక్క ఇల్లే కదా!"

"నీళ్లు పడితే ఇల్లు అదే లేస్తుంది."

పిచ్చమ్మ నోరు తెరిచింది.

ఆమె ఏమనేదో గానీ, అదే సమయానికి జక్రయ్య ఇంజను ఆపి నిలబడ్డాడు. ఉత్తరం వైపు నుంచి పొగమంచు గోడలాగా కదిలి వస్తోంది. "ఎండొచ్చాక ఇది రాకూడదే" అనుకుంటూ పడవ తిప్పాడు. సగం దూరం వచ్చేసరికి మంచు కమ్మేసింది. పడవ ఈ కొస నుంచి చూస్తే ఆ కొసలో ఉన్న మనిషి కనిపించడం లేదు. ఆ పైన పడవ అడుగున ఏదో చుట్టుకుని ఇంజను కీచుమని ఆగిపోయింది.

తెగిపోయిన పాత వల. జక్రయ్య ఇంజను పైకెత్తి కత్తితో కోసి పారేశాడు గానీ, ఫ్యాను రెక్క ఒకటి విరిగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే దడదడ కొట్టుకుంటూ సగం వేగంతో తిరిగింది. ఈ లోపల నీటి లాగుడు వాళ్లని ఎటు తీసుకెళ్లిందో తెలియదు. లంగరు వేశాడు. బురదలో పట్టు దొరకక అది పడవతోపాటే జారింది. అలలు విరిగే చప్పుడు ఎడమ నుంచి వినిపిస్తోంది, కుడి నుంచీ వినిపిస్తోంది.

నాగజ్యోతి ఫోను తీసింది. "ఇదుగో, ఒడ్డు ఇటుంది. పావు మైలు కూడా లేదు."

"ఒడ్డు నాకూ తెలుసు మేడమ్. మొగ ఎక్కడని? మొన్నటి తుఫానుకి మేటలు మారిపోయాయి. మీ ఫోన్లో ఉన్నది పాత మొగ. మేట మీదకి పోయామంటే అల పడవని తిరగేస్తుంది."

"మంచు విడిచేదాకా ఇక్కడే ఉంటే?"

జక్రయ్య నీళ్ల వైపు చూశాడు. "పోటు తీసేస్తోంది. ఇంకో అరగంటకి మొగలో మోకాలి లోతు కూడా ఉండదు. లంగరు పట్టడం లేదు. ఇక్కడ ఉండటమంటే మేట మీదకి పోవడమే, కాస్త నెమ్మదిగా." అంటూనే చుక్కాని మీది చెయ్యి తీసి తన జాకెట్టు పట్టీ మరోసారి బిగించుకున్నాడు.

ఒక పెద్ద అల పడవని పక్కకి తోసింది. పిచ్చమ్మ పట్టు తప్పి, పడిపోకుండా రెండు కాళ్లూ పడవ అడుగున ఆనించింది. ఉప్పునీళ్లు గోరువెచ్చగా పాదాలకి తగిలాయి. వాటి కింద నుంచి, అరికాలి మధ్యలో, చల్లగా ఏదో ఊరింది.

ఆమె కాళ్లెత్తి బల్ల మీద పెట్టి, తుడుచుకుని చూసింది. మళ్లీ ఊరింది. బల్ల మీద రెండు పాదాల ముద్రలు తడితడిగా మెరిశాయి.

"ఏరు" అంది. "కింద ఏరు పోతోంది. సముద్రం అడుగున. మన గుండ్లకమ్మే."

వెనక నుంచి రామాంజనేయులు పకపకా నవ్వాడు. మంచులో ఆ నవ్వు ఏడుపులా వినిపించింది. "వినండి! మళ్లీ మొదలు. అప్పుడు నా పొలం ముంచింది, ఇప్పుడు నలుగుర్నీ ముంచుతుంది."

జక్రయ్య నవ్వలేదు. వంగి ఆ ముద్రలో వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు. "మంచినీళ్లే" అన్నాడు. "అమ్మా, ఏరు ఉన్నచోటే లోతు. ఏరు ఎటు నుంచి వస్తుందో అటే మొగ. ఎటు?"

"ఎడమకి."

"చప్పుడు ఎడమ వైపే ఎక్కువ ఉంది" అన్నాడు రామాంజనేయులు లేచి నిలబడుతూ. "కుడికి పోనియ్యవయ్యా. దాని మాట వినకు. దాని కాళ్లు అబద్ధాలకోరువి. నేను చూశా. నా కళ్లతో చూశా ఆ తడి. తొమ్మిది వందల అడుగులు తవ్వించా!"

జక్రయ్య ఇద్దరి వైపూ చూశాడు. చుక్కాని ఎటూ తిప్పలేదు. విరిగే అలల చప్పుడు దగ్గరవుతోంది. నాగజ్యోతి తండ్రి చెయ్యి ఒకటి, అత్త చెయ్యి ఒకటి పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది.

మూడేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్నది అప్పుడు పిచ్చమ్మ నోటి నుంచి బయటికి వచ్చింది.

"ఆ రోజు నా కాళ్లు తడవలేదన్నయ్యా."

"ఏంటీ?"

"తడవలేదు. మూడుసార్లు తిరిగాను నీ పొలమంతా. బూడిద మీద నడిచినట్టే ఉంది. నువ్వు రాయి చేత్తో పట్టుకుని నా వెనకే వస్తున్నావు. అన్నం గిన్నె వైపు పసిపిల్లాడు చూసినట్టు నా కాళ్ల వైపు చూస్తున్నావు. లేవని చెప్పడానికి నోరు రాలేదు. దాహమని చెప్పి వేపచెట్టు కిందకి వెళ్లి, బిందెలో నీళ్లు కాళ్ల మీద పోసుకుని వచ్చి ఆ మూల నిలబడ్డాను. ఎక్కడో ఒకచోట పడకపోతాయా అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి ఇంటి దగ్గర కూడా కాళ్లు తడవడం మానేశాయి. అబద్ధం ఆడింది నేను. నా కాళ్లు కాదు."

రామాంజనేయులు కూతురి చెయ్యి విదిలించుకుని రెండడుగులు ముందుకి వేశాడు. కొడతాడనుకుంది నాగజ్యోతి. పిచ్చమ్మ కూడా అదే అనుకుని కళ్లు మూసుకుంది.

ఆయన చెయ్యి వచ్చి ఆమె జాకెట్టు పట్టీని పిడికిట్లో బిగించింది.

"లే" అన్నాడు. "ముందుకెళ్లి నిలబడు. నేను పట్టుకుంటా." వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరేయ్ జక్రయ్యా! ఎడమకి తిప్పు. ఇది ఎటు చెబితే అటు పోనియ్!"

పిచ్చమ్మ పడవ ముక్కు దగ్గర, ఆరిన బల్ల మీద నిలబడింది. ఎదురుగా తెల్లటి మంచు తప్ప మరేమీ లేదు. ఆమె కళ్లు మూసుకుని పాదాల మీదే ధ్యాస పెట్టింది.

"పోనియ్... పోనియ్... ఎడమ కాలు ఆరిపోతోంది. కుడికి. ఇంకాస్త. ఆఁ, తడిసింది."

ఇంజను దడదడమంటోంది. ఎడమ పక్క, చేతికి అందేంత దూరంలో, నురగ కక్కుతూ అల విరిగి ఇసక మేట నల్లటి వీపు బయటపడింది. నాగజ్యోతి అరవబోయి నోరు నొక్కుకుంది.

"రెండూ ఆరిపోయాయి! ఆపు, ఆపు!"

జక్రయ్య ఇంజను తగ్గించాడు. వెనక నుంచి అల లేస్తోంది. పడవ తోక పైకి లేచింది. రామాంజనేయులు ఒక చేత్తో బల్లని, ఒక చేత్తో చెల్లెల్ని పట్టుకుని, "ఎటు? పిచ్చీ, ఎటు?" అన్నాడు. చిన్నప్పుడు పిలిచిన పేరు అది.

ఆమె కాలి వేళ్లతో బల్లని తడిమింది, చీకట్లో గోడ తడిమినట్టు. కుడి మడమ దగ్గర చుక్కంత చల్లదనం.

"కుడికి! మొత్తం కుడికి!"

పడవ ఒరిగింది. అల వచ్చి పక్క నుంచి కొట్టి, సగం నీళ్లు లోపల పోసి, వాళ్లని ముందుకి విసిరింది. తరువాత ఒక్కసారిగా కుదుపు ఆగిపోయింది. చుట్టూ నీళ్లు నిలకడగా ఉన్నాయి. విరిగే అలలు ఇప్పుడు వెనక నుంచి వినిపిస్తున్నాయి. మంచులోంచి రేవు గట్టు మీద కొబ్బరి చెట్టు మొదలు ఒకటి కనిపించింది. జక్రయ్య ఇంజను కట్టేసి, "ప్రభువా" అని చుక్కాని మీద తల ఆనించుకున్నాడు.

పడవ ఒడ్డుకి చేరింది. జక్రయ్య పడవలో నీళ్లు తోడుకుంటున్నాడు. నాగజ్యోతి తడిసిన జాకెట్లు విప్పి ఇసకలో పరుస్తోంది. రామాంజనేయులు దూరంగా వెళ్లి గొంతుకూర్చున్నాడు. కాసేపటికి లేచి వచ్చి చెల్లెలి ముందు నిలబడ్డాడు.

"తూర్పు మూల కూడా చూశావా ఆ రోజు?"

"చూశాను."

"అక్కడేమైనా..."

పిచ్చమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మళ్లీ అదే చూపు. అన్నం గిన్నె వైపు పసిపిల్లాడి చూపు. ఈసారి ఆమె తల దించుకోలేదు.

"లేవన్నయ్యా. ఏ మూలా లేవు. ఎంత లోతు పోయినా లేవు. ఇల్లు అమ్మకు."

ఆయన జేబులోంచి ఫోను తీసి, తడిసి ఆగిపోయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి ముందు చెయ్యి చాపాడు. ఆమె తన ఫోను ఇచ్చింది. నంబరు కంఠతా వచ్చు ఆయనకి. "ఏమయ్యా, రామాంజనేయుల్ని. గురువారం లారీ పంపొద్దు... ఎప్పటికా? ఇక ఎప్పటికీ వద్దు" అని కట్టేశాడు.

క్షమించానని చెల్లెలితో ఆయన ఆ రోజు అనలేదు, తరువాతా అనలేదు. ఊరికి తిరిగొచ్చే వ్యానులో మాత్రం ఆమె పక్క సీట్లోనే కూర్చున్నాడు. వేసవి పోయాక వాచ్‌మన్ ఉద్యోగం వదిలి ఊరికి వచ్చేశాడు. మిరప మాట ఎత్తలేదు. బోరు గుంతలు నాలుగూ పూడ్చి, పొలమంతా దున్ని, వానకి పండే కంది చల్లాడు. విత్తనం చల్లే రోజున పిచ్చమ్మ కూడా వెళ్లి ఆయనతోపాటు సాళ్ల వెంట నడిచింది.

ఆ ఏడు వానలు సగమే పడ్డాయి. కందికి ఆ సగం చాలింది.