శుక్రవారం ప్రయాణం

"శుక్రవారమే దొరికిందా నాయనా నీకు?" అన్నాను.

మా అల్లుడు శివప్రసాద్ మనవరాలికి చెప్పులు తొడుగుతున్నాడు. శ్రీవాసవికి ఆరేళ్ళు. ఇన్నాళ్ళూ కర్నూలులో నా దగ్గరే ఉంది, ఇప్పుడు తండ్రి మైదుకూరు తీసుకుపోతున్నాడు.

"సోమవారం బడి ఉండాది అత్తా. నువ్వు వద్దంటే చెప్పు, రేపు పోతాం."

వరదొచ్చిన ఆ రోజూ శుక్రవారమే, గాంధీ జయంతి. నా కూతురు రమ్యశ్రీ పొద్దున్నే మొగుడి దగ్గరికి మైదుకూరు బస్సెక్కుతానంది. శుక్రవారం ఆడబిడ్డను పంపితే ఇంటి లక్ష్మి పోతుందని, అంగడి ఇంట పుట్టి ఆ మాత్రం తెలీదా అని కసిరి ఆపాను. సాయంత్రానికి తుంగభద్ర మా వీధిలోకి వచ్చింది. పిల్లను చంకనేసుకొని నేను మిద్దెక్కాను. వెనకే వస్తానన్న రమ్య రాలేదు.

అప్పటి నుంచీ కొళాయి చప్పుడు వింటే చాలు, ఒళ్ళు చల్లబడేది. పిల్ల కొంగు వదిలితే ప్రాణం పోయేది. అల్లుడే నన్ను మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. మాత్రలిస్తుందనుకుంటే నోటుబుక్కు ఇచ్చింది! ఒళ్ళు మండింది నాకు.

"నా బిడ్డను నేనే చంపుకుంటినమ్మా" అన్నాను.

"ఆ పొద్దున, నది ఊళ్ళోకి వస్తుందని మీకు తెలుసా?"

"తెలిస్తే మెడబట్టి బస్సెక్కించనా?" అని అరిచాను.

"ఇప్పుడన్న మాటే రాయండి" అంది.

వారం వారం అదే పని. ఒక పక్క భయం ఏమంటోందో, రెండో పక్క చివరికి ఏం జరిగిందో రాయాలి. 'కొళాయి తిప్పితే ఇల్లు మునుగుతుంది' అని రాశాను ఒకసారి. ఎదురుగా 'బిందె నిండింది' అని రాశాను.

ఈ పొద్దున 'పంపితే పిల్ల చచ్చిపోతుంది' అని రాశాను. రెండో పక్క ఖాళీగా ఉంది.

"పోండి" అన్నాను. అది నా నోరేనా అనిపించింది.

బస్సు వెళ్ళాక అన్నం ముట్టలేదు. ఫోను పక్కనే కూర్చున్నాను. నాలుగింటికి మోగింది.

"అవ్వా, ఈడ శానా వాన పడతాండాది!"

గోడ పట్టుకున్నాను. వెనక్కి తీసుకురమ్మని చెప్పు మీ నాయనకు అని గొంతు దాకా వచ్చింది. మింగాను.

"తడిస్తివా తల్లీ?"

"లేదవ్వా. కాగితం పడవలు చేస్తాండా."

ఫోను పెట్టేసి, రెండో పక్క 'పడవలు చేస్తోంది' అని రాశాను. రమ్య కూడా చిన్నప్పుడు వానొస్తే అంగడిలో చిట్టాకాగితాలు చింపి పడవలు చేసేది. బిడ్డ పోయిన ఇన్నాళ్ళకు, ఈ పూట చంపుకున్నదానిగా కాదు, కన్నతల్లిగా ఏడ్చాను.